సంఖ్యా తపస్వి శ్రీనివాస రామానుజన్

సంఖ్యలు అందరికీ తెలిసినవే. సంతలో బేరమాడే రైతుకు, నెల ఖర్చుల పద్దు చూసుకొనే గృహిణికి, దుకాణంలో చిల్లర లెక్కించే వర్తకునికి అవి నిత్యం ఉపయోగపడే పనిముట్లు. అవసరం తీరగానే వాటిని పక్కన పెట్టి మరొక పనిలో పడటం లోకసహజం. అయితే ఆ సంఖ్యలకు కూడా స్వభావాలు ఉంటాయని, వాటి మధ్య చుట్టరికాలు ఉంటాయని గుర్తించి, జీవితాన్నంతా వాటి అన్వేషణకే ధారపోసిన మహనీయులు కొందరున్నారు. వారిలో అగ్రగణ్యులు శ్రీనివాస రామానుజన్. నేటి ఇంటర్మీడియట్‌కు సమానమైన ఎఫ్.ఏ. పరీక్షలో రెండు పర్యాయాలు తప్పి, పట్టా అంటూ ఏదీ లేక, నెలకు 30 రూపాయల జీతంపై గుమాస్తాగా చేరిన ఆ యువకుడే ఆరేళ్ళు గడిచేసరికి ఇంగ్లండులోని రాయల్ సొసైటీకి సభ్యుడయ్యారు. ఆయన జీవించింది 32 సంవత్సరాలు మాత్రమే. ఆయన వ్రాసిపెట్టిన ఫలితాలను అర్థం చేసుకొని నిరూపించడానికి మాత్రం తరువాతి తరాలకు దాదాపు ఒక శతాబ్దం పట్టింది.

రామానుజన్ 1887 డిసెంబరు 22వ తేదీన తమిళదేశంలోని ఈరోడ్ పట్టణంలో మాతామహుల ఇంట జన్మించారు. తండ్రి శ్రీనివాస అయ్యంగార్ కుంభకోణంలోని ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ దైవభక్తి గల ఇల్లాలు. ఆలయంలో భజన కీర్తనలు పాడి ఆమె సంపాదించే స్వల్ప ధనం కూడా ఆ ఇంటికి ఆసరాగా ఉండేది. నామక్కల్‌లో వెలసిన నామగిరి అమ్మవారు వారి కులదైవం. రెండేళ్ళ వయస్సులో రామానుజన్‌కు మశూచి సోకింది. ఆ వ్యాధి ఎందరో పసివారిని పొట్టన పెట్టుకొన్న కాలమది. అదృష్టవశాత్తు ఆయన బ్రతికి బయటపడ్డారు. కుంభకోణంలో సారంగపాణి స్వామి ఆలయ సన్నిధి వీధిలోని చిన్న పెంకుటింట్లో ఆయన బాల్యం గడిచింది.

1897లో ప్రాథమిక పరీక్షలో జిల్లాలోనే మొదటివాడుగా నిలిచి, మరుసటి ఏడు టౌన్ హైస్కూలులో చేరారు. ఆనాటి ముచ్చట ఒకటి ప్రచారంలో ఉంది. ఏ సంఖ్యనైనా అదే సంఖ్యతో భాగిస్తే ఒకటి వస్తుందని ఉపాధ్యాయుడు తరగతిలో వివరిస్తున్నారు. మూడు పండ్లను ముగ్గురికి పంచినా, వెయ్యి పండ్లను వెయ్యిమందికి పంచినా ఒక్కొక్కరికి ఒక్కొక్క పండే దక్కుతుందని ఆయన ఉదాహరణ చెప్పారు. అప్పుడు బాలుడైన రామానుజన్ లేచి, సున్నాను సున్నాతో భాగించినా ఒకటే వస్తుందా అని ప్రశ్నించాడట. పండ్లే లేనప్పుడు, పంచుకొనేవారే లేనప్పుడు తలకొక పండు ఎలా వస్తుందన్నది ఆ బాలుని సందేహం. తోటి విద్యార్థులు సూత్రాన్ని వల్లె వేస్తుండగా, అది ఎక్కడ నిలువదో వెదికే బుద్ధి ఆ పసితనంలోనే ఆయనకు అలవడింది.

వారి ఇంట అద్దెకు ఉన్న కళాశాల విద్యార్థుల వద్ద ఉన్న గణిత పరిజ్ఞానాన్నంతటినీ రామానుజన్ చిన్నతనంలోనే గ్రహించారు. పదమూడేళ్ళు వచ్చేసరికి లోనీ రచించిన త్రికోణమితి గ్రంథాన్ని ఎవరి సాయమూ లేకుండా ఆకళించుకొన్నారు. 1903లో, పదహారవ యేట, ఆయన చేతికి మరొక పుస్తకం వచ్చింది. అది కార్ అనే ఆంగ్లేయుడు కూర్చిన గణిత ఫలితాల సంకలనం. బీజగణితం, త్రికోణమితి, కలన గణితం మొదలైన శాఖలకు చెందిన వేలాది సూత్రాలు అందులో వరుసగా ఇవ్వబడ్డాయి. వాటిలో చాలావాటికి నిరూపణలు లేవు, ఉన్నవి కూడా క్లుప్తంగా సూచించినవే. పరీక్షలకు చదివే విద్యార్థుల కోసం తయారైన ఆ సామాన్య గ్రంథం రామానుజన్‌కు ఒక నూతన లోకపు ద్వారం తెరిచింది. ప్రతి సూత్రాన్నీ ఆయన తనకు తానే సాధించి చూసుకొన్నారు. ఆ ప్రయత్నంలో పుస్తకంలో లేని క్రొత్త సూత్రాలు కూడా ఆయనకు స్ఫురించసాగాయి.

కాగితం కొనుక్కొనే స్తోమత లేదు. కనుక లెక్కలన్నీ పలక మీదనే చేసేవారు. ఒక మెట్టు పూర్తికాగానే మోచేతితో చెరిపివేసి తరువాతి మెట్టు వ్రాసేవారు. చివరకు తేలిన ఫలితాన్ని మాత్రమే నోటు పుస్తకంలోకి ఎక్కించేవారు. దారి చెరిగిపోయేది, గమ్యం మిగిలేది. ఒకవైపు కార్ గ్రంథపు పద్ధతి, మరొకవైపు ఇంటి పేదరికం, ఈ రెండూ కలిసి నిరూపణ వ్రాయని అలవాటును ఆయనకు నేర్పాయి. ఆ అలవాటే తరువాతి కాలంలో పండితులకు ఒక పెద్ద చిక్కుముడి అయింది.

1904లో పాఠశాల చదువు ముగిసేనాటికి గణితంలో బహుమతి అందుకొని, ఉపకార వేతనంతో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో చేరారు. అక్కడి నుండి ఆయన కష్టాలు ఆరంభమయ్యాయి. ఆయన మనస్సు పూర్తిగా గణితంలో మునిగి ఉండటం వల్ల ఆంగ్లం, చరిత్ర మొదలైన పాఠాలు తలకెక్కేవి కావు. తరగతిలో ఇతర పాఠాలు సాగుతున్నా ఆయన తన లెక్కలలోనే ఉండేవారు. ఫలితంగా తక్కిన విషయాలలో తప్పి ఉపకార వేతనం కోల్పోయారు. రుసుము కట్టి చదివించే శక్తి తల్లిదండ్రులకు లేదు. ఆ అవమానాన్ని భరింపలేక 1905లో, పదిహేడేళ్ళ ప్రాయంలో, ఎవరికీ చెప్పకుండా ఇల్లు విడిచి ఉత్తరదిశగా రైలెక్కి తెలుగునాట విశాఖపట్టణం దారి పట్టారు. కన్నవారు కంగారుపడి ఊరూరా వెదకించారు. కొంతకాలానికి ఆయన తిరిగి ఇల్లు చేరారు.

1906లో మద్రాసులోని పచ్చయ్యప్ప కళాశాలలో మరల ఎఫ్.ఏ. తరగతిలో చేరారు. అక్కడి ఉపాధ్యాయులు ఆయన గణిత ప్రతిభను గుర్తించారు. అయితే శరీరధర్మశాస్త్రం వంటి విషయాలు మరల అడ్డుపడ్డాయి. అనారోగ్యం కూడా తోడయింది. 1906 డిసెంబరులో ఒకసారి, ఆ మరుసటి ఏడు మరొకసారి ఆయన పరీక్ష తప్పారు. అంతటితో ఆయన కళాశాల చదువు ముగిసింది. అన్ని విషయాలలోనూ నిర్ణీతమైన మార్కులు రావాలన్నది నియమం. ఆ నియమంలో తప్పు లేకపోవచ్చు. కాని రామానుజన్ వంటి విద్యార్థిని కొలవడానికి తగిన కొలబద్ద ఆనాటి విద్యావిధానం వద్ద లేకపోయింది.

తరువాతి నాలుగేళ్ళు ఆయన జీవితంలో మిక్కిలి కఠినమైనవి. కొన్నాళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి నాలుగు రాళ్ళు సంపాదించే ప్రయత్నం చేశారు. కాని చిన్న లెక్క చెప్పబోయి, అందులో నుండి లోతైన విషయాలలోకి వెళ్ళిపోయే ఆ గురువు పరీక్షకు సిద్ధమయ్యే పిల్లలకు ఉపయోగపడలేదు. స్నేహితుల దయతో పూట గడిచిన రోజులు, పస్తున్న రోజులు కూడా ఉన్నాయి. అటువంటి దుర్భర స్థితిలోనూ నోటు పుస్తకాలలో సూత్రాలు నిండుతూనే ఉన్నాయి. 1909లో, ఆనాటి ఆచారాన్ని అనుసరించి, పదేళ్ళ బాలిక జానకితో తల్లి ఆయనకు వివాహం జరిపించింది. ఇక ఏదో ఒక ఉద్యోగం చూసుకోక తప్పని పరిస్థితి ఏర్పడింది.

చంకలో నోటు పుస్తకాలు పెట్టుకొని రామానుజన్ పెద్దల ఇళ్ళ చుట్టూ తిరగనారంభించారు. 1907లో భారత గణిత సంఘాన్ని స్థాపించిన వి. రామస్వామి అయ్యర్ అప్పుడు తిరుక్కోయిలూరులో డిప్యూటీ కలెక్టరుగా ఉన్నారు. ఆయన కార్యాలయంలో చిన్న గుమాస్తా ఉద్యోగమైనా దొరకకపోతుందా అని రామానుజన్ వెళ్ళారు. స్వయంగా గణితవేత్త అయిన అయ్యర్ ఆ పుస్తకాలు తిరగవేసి విస్మయం చెందారు. అటువంటి మేధావిని ప్రభుత్వ కార్యాలయంలో అట్టడుగు కొలువులో పడవేయడం అన్యాయమని తలచి, పరిచయ లేఖలిచ్చి మద్రాసులోని మిత్రుల వద్దకు పంపారు. ఆ లేఖల పరంపర రామానుజన్‌ను 1910 డిసెంబరులో మరొకసారి తెలుగు గడ్డకు చేర్చింది. నెల్లూరు జిల్లా కలెక్టరుగా ఉన్న ఆర్. రామచంద్రరావు గణితాభిమాని, భారత గణిత సంఘపు కార్యదర్శి. మాసిన దుస్తులతో, చింపిరి నోటు పుస్తకంతో, మెరిసే కన్నులతో తన ముందు నిలిచిన ఆ యువకుని చూసి మొదట ఆయనకు నమ్మకం కుదరలేదు. రామానుజన్ ఓపికగా, సులభమైన ఫలితాలతో మొదలుపెట్టి క్రమంగా కఠినమైన వాటి వరకు వివరించారు. సందేహం తొలగిన తరువాత రామచంద్రరావు ఆయనకేమి కావాలని అడిగారు. రామానుజన్ పదవిని గాని, సంపదను గాని కోరలేదు. తిండికి లోటు లేకుండా పరిశోధన చేసుకొనే తీరిక లభిస్తే చాలునన్నారు. నెలకు 25 రూపాయలు తాను ఇచ్చేటట్లు అంగీకరించి, కలెక్టరు ఆయనను మద్రాసు పంపించారు.

1911లో రామానుజన్ మొదటి పరిశోధన వ్యాసం భారత గణిత సంఘం వారి పత్రికలో వెలువడింది. అది బెర్నూలీ సంఖ్యల ధర్మాలకు సంబంధించినది. అదే పత్రికలో ఆయన పాఠకులకు కొన్ని ప్రశ్నలు కూడా సంధించారు. వాటిలో ఒకదానిలో వర్గమూలంలో వర్గమూలం, దానిలో మరొక వర్గమూలం, ఇలా అంతులేకుండా సాగే ఒక రాశి ఉంది. దాని విలువ ఎంత అన్నది ప్రశ్న. నెలలు గడిచినా ఎవరూ సమాధానం పంపలేదు. చివరకు రామానుజనే చెప్పవలసి వచ్చింది. దాని విలువ కేవలం 3. మూడు వర్గం 9. అది 1కి 2, 4ల లబ్ధాన్ని కలిపితే వస్తుంది. ఆ నాలుగు వర్గం 16. అది 1కి 3, 5ల లబ్ధాన్ని కలిపితే వస్తుంది. ఆ ఐదు వర్గం 25. అది 1కి 4, 6ల లబ్ధాన్ని కలిపితే వస్తుంది. ఈ విధంగా ఒక సంఖ్య కడుపులో నుండి మరొక సంఖ్యను వెలికి తీస్తూ పోతే ఆ అనంతమైన మూలం ఏర్పడుతుంది. పాఠశాల విద్యార్థికి తెలిసిన చిన్న విషయంలో నుండి ఇంతటి అద్భుతాన్ని చూడగలగడమే రామానుజన్ ప్రత్యేకత.

ఇతరుల సొమ్ముతో ఎక్కువ కాలం జీవించడం ఆయన ఆత్మాభిమానానికి సరిపడలేదు. 1912 మార్చి 1న మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల జీతంపై లెక్కల గుమాస్తాగా చేరారు. ఆయన పుణ్యమా అని అక్కడ పైఅధికారి నారాయణ అయ్యర్ గణితజ్ఞుడు. రాత్రివేళ ఇద్దరూ పలకలు ముందుంచుకొని లెక్కలు చేసేవారు. పోర్టు ట్రస్టు అధ్యక్షుడైన సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ కూడా ఆదరంతో చూశారు. అయితే రామానుజన్ ఫలితాల విలువను తేల్చి చెప్పగల విద్వాంసులు ఆ చుట్టుపక్కల లేరు. అందువల్ల మిత్రుల ప్రోత్సాహంతో ఆయన ఇంగ్లండులోని గణిత పండితులకు లేఖలు వ్రాశారు. తొలుత వ్రాసిన ఇద్దరి నుండి ప్రోత్సాహం లభించలేదు. నిరాశ చెందక, 1913 జనవరి 16వ తేదీన కేంబ్రిడ్జ్‌లోని ట్రినిటీ కళాశాల ఆచార్యుడు హార్డీకి మరొక లేఖ పంపారు.

పరిచయం లేని దేశం నుండి, పట్టా లేని ఒక గుమాస్తా నుండి వచ్చిన ఆ లేఖలో నిరూపణలు లేని సూత్రాలు పుటల కొద్దీ ఉన్నాయి. మొదటి చూపుకు హార్డీ దానిని మోసమేమోనని అనుమానించారు. పక్కన పెట్టినా మనస్సు ఊరుకోలేదు. ఆ రాత్రి తన సహచరుడైన లిటిల్‌వుడ్‌తో కలిసి సూత్రాలను ఒక్కొక్కటిగా పరిశీలించారు. కొన్ని అప్పటికే తెలిసినవి. కొన్ని నిరూపించగలిగినా మిక్కిలి శ్రమతో కూడినవి. మరికొన్ని మునుపెన్నడూ ఎవరూ చూడనివి. అటువంటి వాటిని కల్పించడం ఏ మోసగానికీ సాధ్యం కాదని, వాటిని వ్రాసినవాడు అత్యున్నత శ్రేణికి చెందిన గణితవేత్త అని వారిరువురూ నిర్ణయానికి వచ్చారు. ఫిబ్రవరిలో హార్డీ వ్రాసిన ప్రత్యుత్తరం రామానుజన్ దశను మార్చివేసింది. ఎఫ్.ఏ. కూడా గట్టెక్కని ఆయనకు మద్రాసు విశ్వవిద్యాలయం 1913లో నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం మంజూరు చేసింది.

హార్డీ ఆయనను కేంబ్రిడ్జ్‌కు రమ్మని ఆహ్వానించారు. సముద్రయానం చేస్తే కులం నుండి వెలి వేసే రోజులవి. ఆచారపరాయణుడైన రామానుజన్ మొదట అంగీకరించలేదు. తల్లికి కలలో నామగిరి అమ్మవారు కనిపించి, కుమారునికి అడ్డుపడవద్దని ఆజ్ఞాపించినట్లు చెబుతారు. తల్లి అనుమతి లభించింది. కేంబ్రిడ్జ్ నుండి వచ్చిన ఆచార్య నెవిల్ కూడా మద్రాసులో అనేక విధాల నచ్చజెప్పి, కావలసిన ఏర్పాట్లకు తోడ్పడ్డారు. ఏడాదికి 250 పౌన్ల వేతనం మంజూరయింది. అందులో నుండి నెలకు 60 రూపాయలు తల్లికి అందేటట్లు ఏర్పాటు చేసి, పిలక తీయించుకొని, అలవాటు లేని కోటు, బూట్లు ధరించి, 1914 మార్చి 17న ఆయన మద్రాసు రేవులో నెవాసా అనే ఓడ ఎక్కారు. ఏప్రిల్ నెలలో లండను చేరారు.

కేంబ్రిడ్జ్‌లో గురుశిష్యుల సంబంధం విచిత్రమైనది. హార్డీ నాస్తికుడు, ప్రతి విషయానికీ నిరూపణ కోరే తార్కికుడు. రామానుజన్ పరమ భక్తుడు, తన సూత్రాలు అమ్మవారి ప్రసాదమని నమ్మినవాడు. స్ఫురణతో సత్యాన్ని పట్టుకోవడం ఆయన బలం. కాని స్ఫురణ ఒక్కటే చాలదని కూడా త్వరలోనే తేలింది. ప్రధాన సంఖ్యల లెక్కింపు గూర్చి ఆయన తన లేఖలలో పేర్కొన్న కొన్ని సూత్రాలు సరికావు. పలక మీద పరీక్షించిన మేరకు అవి సరిగ్గానే కనిపించాయి, చాలా దూరం పోయిన తరువాత దారి తప్పాయి. కంటికి ఎంత సత్యంగా తోచినా నిరూపణ లేనిదే గణితంలో ఏదీ నిలువదన్న పాఠాన్ని రామానుజన్ వినయంతో నేర్చుకొన్నారు. అయితే ఆయనను మామూలు విద్యార్థి వలె మొదటి నుండి పాఠాలలో కూర్చోబెడితే ఆ సహజ ప్రతిభ ఎక్కడ అణగిపోతుందోనని హార్డీ జాగ్రత్తపడ్డారు. ఒకరి ఊహ, మరొకరి తర్కం జోడెద్దులై సాగిన ఆ అయిదేళ్ళ కృషి గణిత చరిత్రలో చిరస్మరణీయమైనది.

1915లో రామానుజన్ ఒక విశేషమైన సంఖ్యాజాతిని గూర్చి సుదీర్ఘమైన వ్యాసం ప్రకటించారు. ఒక సంఖ్యను నిశ్శేషంగా భాగించే సంఖ్యలను దాని కారణాంకాలంటారు. 7 వంటి ప్రధాన సంఖ్యకు 1, 7 అనే రెండే కారణాంకాలు. 12కు 1, 2, 3, 4, 6, 12 అని ఆరు ఉన్నాయి. 12 కంటె చిన్నదైన ఏ సంఖ్యకూ ఇన్ని లేవు. అలాగే 24కు ఎనిమిది, 60కి పన్నెండు కారణాంకాలు. వాటి కంటె చిన్న సంఖ్యలు వేటికీ అన్ని కారణాంకాలు లేవు. ప్రధాన సంఖ్యలు ఎవరితోనూ పొత్తు లేని ఏకాంతవాసులైతే, ఇవి బహుకుటుంబీకుల వంటివి. డజనుకు పన్నెండు, గంటకు అరవై నిమిషాలు అన్న లెక్క మనుషులకు అనుకూలంగా ఉండటానికి ఈ గుణం ఎంతో ఉపకరిస్తుంది. సగం, మూడోవంతు, పావు అని ఎలా పంచినా మిగులు ఉండదు. ఈ సంఖ్యల నిర్మాణంలోని నియమాలను రామానుజన్ వెల్లడించారు. ఈ కృషికి గుర్తింపుగా 1916 మార్చిలో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం ఆయనకు పరిశోధన ద్వారా బి.ఏ. పట్టా ప్రదానం చేసింది. స్వదేశంలో అందని పట్టా పరదేశంలో అందింది.

ఆయన కీర్తికి మరొక మూలస్తంభం సంఖ్యల విభజనను గూర్చిన పరిశోధన. 4 అనే సంఖ్యను 4గా, 3, 1గా, 2, 2గా, 2, 1, 1గా, 1, 1, 1, 1గా మొత్తం ఐదు విధాల విడదీయవచ్చు. 5ను ఏడు విధాల, 10ని 42 విధాల విడదీయవచ్చు. పసిపిల్లల ఆటలా కనిపించే ఈ లెక్క త్వరలోనే కొండంత అవుతుంది. 100ను విడదీసే విధాలు 19,05,69,292. ఇంతటి రాశిని ఒక్కొక్కటిగా లెక్కింపకుండానే రాబట్టే సూత్రాన్ని రామానుజన్, హార్డీలు కలిసి 1918లో ప్రకటించారు. మాక్‌మహాన్ అనే గణితవేత్త అంతకు ముందే ఎంతో శ్రమపడి 200 వరకు చేతితో లెక్కకట్టి పట్టిక తయారుచేశారు. ఆ పట్టికతో సరిచూస్తే సూత్రం ఇచ్చిన విలువ ఆశ్చర్యకరంగా సరిపోయింది. అదే పట్టికను పరికించి రామానుజన్ మరొక రహస్యాన్ని పట్టుకొన్నారు. 4, 9, 14 ఇలా 4తో గాని 9తో గాని ముగిసే ప్రతి సంఖ్య విభజనల మొత్తం 5తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. 4కు 5, 9కి 30, 14కు 135. పట్టికను అందరూ చూశారు. అందులోని ఈ క్రమాన్ని చూసింది ఆయన ఒక్కరే.

మేధకు ఈ విధంగా పండుగ జరుగుతుండగా దేహం మాత్రం క్షీణించసాగింది. 1914లోనే మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమయింది. శాకాహారానికి కావలసిన కూరగాయలు, పాలు దొరకడం కష్టమయింది. రామానుజన్ పరాయి ఇంటి భోజనం ముట్టేవారు కారు. గదిలో తానే వండుకొనేవారు. పనిలో మునిగితే వంట మరచిపోయేవారు. ఎముకలు కొరికే చలి, వేళ తప్పిన నిద్ర, ఆప్తులు లేని ఒంటరితనం ఆయనను క్రుంగదీశాయి. 1917లో తీవ్రంగా జబ్బుపడ్డారు. వైద్యులు క్షయ అని భావించారు. కాలేయానికి సోకిన వ్యాధి కావచ్చునని తరువాతి కాలంలో కొందరు అభిప్రాయపడ్డారు. ఆసుపత్రుల నుండి ఆరోగ్య కేంద్రాలకు, అక్కడి నుండి మరొక చోటికి మారుతూ రెండేళ్ళు గడిపారు.

పుట్నీలోని వైద్యశాలలో ఉన్నప్పుడు హార్డీ ఒకనాడు పరామర్శకు వచ్చారు. మాటల సందర్భంలో, తాను ఎక్కివచ్చిన టాక్సీ సంఖ్య 1729 అని, అందులో విశేషమేమీ లేదని, అది అపశకునం కాకూడదని అన్నారు. రోగశయ్యపై ఉన్న రామానుజన్ వెంటనే అది చాలా ఆసక్తికరమైన సంఖ్య అని, రెండు ఘనాల మొత్తంగా రెండు విధాల వ్రాయదగిన సంఖ్యలలో అదే మిక్కిలి చిన్నదని బదులు చెప్పారు. 1 ఘనం 1, 12 ఘనం 1728, రెండూ కలిపితే 1729. 9 ఘనం 729, 10 ఘనం 1000, ఇవి కలిపినా 1729. దీనిని అప్పటికప్పుడు కలిగిన దివ్యదృష్టిగా పలువురు భావిస్తారు. కాని ఈ సంబంధం ఆయన వ్రాతప్రతులలో కూడా కనిపిస్తుంది. సంఖ్యలతో ఏళ్ళ తరబడి చేసిన సహవాసమే ఆ క్షణంలో ఆయన చేత ఆ మాట పలికించింది. ఊరివాడు ఊరిలోని ఇళ్ళను గుర్తుపట్టినట్లు ఆయన సంఖ్యలను గుర్తుపట్టేవారు.

1918లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొంది. ఆ గౌరవం పొందిన రెండవ భారతీయుడు ఆయన. అదే సంవత్సరం అక్టోబరులో ట్రినిటీ కళాశాల ఫెలోగా ఎన్నికైన తొలి భారతీయుడయ్యారు. మద్రాసు విశ్వవిద్యాలయం ఏడాదికి 250 పౌన్ల వేతనం ఇవ్వడానికి ముందుకు వచ్చింది. అందుకు కృతజ్ఞతలు తెలుపుతూ 1919 జనవరిలో వ్రాసిన లేఖలో రామానుజన్, ఆ ధనం తన అవసరాలకు మించినదని పేర్కొన్నారు. తల్లిదండ్రులకు ఏడాదికి 50 పౌన్లు ఇచ్చి, తన ఖర్చులు పోగా మిగిలిన దానిని బీద విద్యార్థుల, అనాథ బాలుర చదువుకు, పుస్తకాలకు వినియోగించవలసిందిగా కోరారు. రుసుము కట్టలేక చదువుకు దూరమైన ఆనాటి బాధను ఆయన మరచిపోలేదు.

1919 వసంతకాలంలో రామానుజన్ స్వదేశానికి తిరిగి వచ్చారు. చిక్కి శల్యమైన కుమారుని చూసి కుటుంబం తల్లడిల్లింది. భార్య జానకి రాత్రింబవళ్ళు ఆయనకు సేవ చేసింది. మంచం పట్టినా ఆయన పలక వదలలేదు. 1920 జనవరిలో హార్డీకి వ్రాసిన చివరి లేఖలో మాక్ తీటా ప్రమేయాలు అనే సరిక్రొత్త ప్రమేయాలను ప్రస్తావించారు. మృత్యుముఖంలో ఉన్న వ్యక్తి చేసిన ఆ పరిశోధన ఆయన శ్రేష్ఠమైన కృషిలో ఒకటిగా తరువాత గుర్తింపు పొందింది. 1920 ఏప్రిల్ 26వ తేదీన మద్రాసులో రామానుజన్ పరమపదించారు.

ఆయన విడిచివెళ్ళిన ఆస్తి మూడు నోటు పుస్తకాలు, మరికొన్ని విడి కాగితాలు. వాటిలోని వేలాది ఫలితాలు ప్రపంచ గణితవేత్తలకు పరిశోధన క్షేత్రమయ్యాయి. ఆయన చేసిన ఒక ఊహను 1974లో డెలీన్ అనే గణితవేత్త నిరూపించారు. చివరి సంవత్సరంలో వ్రాసిన కాగితాల కట్ట దశాబ్దాల పాటు ఎవరి దృష్టికీ రాలేదు. 1976లో ట్రినిటీ కళాశాల గ్రంథాలయంలో ఆచార్య జార్జ్ ఆండ్రూస్ దానిని గుర్తించారు. బ్రూస్ బెర్న్ట్ అనే ఆచార్యుడు ఏళ్ళ తరబడి శ్రమించి నోటు పుస్తకాలలోని ఫలితాలను నిరూపణలతో ఐదు సంపుటాలుగా 1985, 1998 సంవత్సరాల మధ్య వెలువరించారు. మాక్ తీటా ప్రమేయాల అంతరార్థం 2002లో గాని స్పష్టపడలేదు. భర్త మరణానంతరం కుట్టుపనితో ఎన్నో ఏళ్ళు గౌరవంగా జీవించిన జానకి అమ్మాళ్ 1994లో మరణించారు. రామానుజన్ 125వ జయంతి సందర్భంగా భారత ప్రభుత్వం 2012ను జాతీయ గణిత సంవత్సరంగా, ఆయన పుట్టిన డిసెంబరు 22ను జాతీయ గణిత దినోత్సవంగా ప్రకటించింది.

రామానుజన్ జీవితం పరీక్షలను నిర్లక్ష్యం చేయమని బోధించదు. ఆ నిర్లక్ష్యానికి ఆయన ఆకలి రూపంలో, అవమానం రూపంలో పెద్ద మూల్యమే చెల్లించారు. పరీక్షలో తప్పినంత మాత్రాన మనిషి విలువ తీరిపోదని మాత్రం ఆ జీవితం నిరూపిస్తుంది. ప్రతిభ ఎంత గొప్పదైనా దానిని గుర్తించే కన్ను, ఆదుకొనే చేయి అవసరం. తిరుక్కోయిలూరులో, నెల్లూరులో, మద్రాసు రేవులో, కేంబ్రిడ్జ్‌లో ఆయనకు అటువంటి వారు దొరికారు. ఒకరు ఆ నోటు పుస్తకాన్ని తెరిచి చూడకపోయినా, మరొకరు ఆ లేఖను చెత్తబుట్టలో వేసినా ఈ కథ కుంభకోణం వీధిలోనే ముగిసి ఉండేది. దొరకని వారెందరో లెక్క ఏ పట్టికలోనూ లేదు. తన వేతనంలో మిగులును బీద విద్యార్థులకు కేటాయించమని కోరిన ఆ మహామేధావి మనస్సులో బహుశా ఆ లెక్కే మెదలి ఉంటుంది.